మూడో చరుపు

కాలవలు కట్టేసిన రోజులు. ధవళేశ్వరం ఆనకట్ట లేచి ముప్పై అయిదేళ్ళు దాటింది. ఏటా చైత్రం రాగానే దొరలు లాకులు దించేయడం, కూలీలు కాలవల్లో దిగి పూడిక తీయడం ఊళ్ళకి అలవాటైపోయింది. రేవుపాలెం దగ్గర కాలవ అడుగున బురద బీటలు వారింది. పడవలు పక్కకి ఒరిగి, నీళ్ళు దొరకని గేదెల్లా పడి ఉన్నాయి.

ఆ ఎండపూట దూదేకుల సిలారు పెద్దింట్లమ్మగారి పశువులసావిట్లో కూర్చుని దూది ఏకుతున్నాడు. పైనుంచి వేలాడే విల్లుని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిలోని కొయ్యగుండుతో నారిని కొడితే, దుమ్మని మోగుతుంది. ఆ మోతకి కింద ఉన్న దూది ముద్ద విడిపోయి నురగలా పైకి లేస్తుంది. ముప్పై అయిదేళ్ళుగా ఆ చెయ్యి అదే పని చేస్తోంది. పదకొండేళ్ళుగా ఆ నోరు ఇంకో పని కూడా చేస్తోంది. దెబ్బకో మాట, దెబ్బకో మాట. మీసాల్లో, కనురెప్పల్లో దూది పట్టేసి, నలభై నాలుగేళ్ళవాడు అరవై ఏళ్ళవాడిలా కనిపిస్తున్నాడు.

"ఏంటయ్యా సాయిబూ ఆ గొణుగుడు?" అంది పెద్దింట్లమ్మ, గుమ్మంలో నిలబడి. నలభై ఎకరాల ఆసామి భార్య. పెళ్ళి పెట్టుకున్న ఇంటి ఇల్లాలు కాబట్టి ఎవరిమీదైనా అరవడానికి సిద్ధంగా ఉంది. "నా దూదికి మంత్రం పెడుతున్నావా ఏంటి? రేపు మా అల్లుడు ఆ పరుపెక్కి తురకం మాట్లాడితే నీ వీపు చీరేస్తాను."

"మంత్రం కాదండి అమ్మగారూ. ఖురానండి. కంఠతా పడుతున్నానండి."

"అంతానా?"

"అంతానండి."

"దాని అర్థం తెలుసా నీకు?"

"కొంత తెలుసండి."

"మిగతాది?"

"చచ్చాక చెప్తారటండి."

పెద్దింట్లమ్మ నవ్వాపుకోలేకపోయింది. "సరేలే. మీ నెలవంక కనపడిన ఎనిమిదో నాడు, దశమినాడు, మా అమ్మాయి పెళ్ళి. ఆరు పరుపులు, పన్నెండు దిండ్లు. చదువుకుంటావో ఏడుస్తావో, చెయ్యి మాత్రం ఆపకు."

చెయ్యి ఆపే అవసరం సిలారుకి ఎప్పుడూ రాలేదు. అదే అతని గర్వం. అదే అతని కొంప ముంచబోతోందని అప్పటికి అతనికి తెలీదు.

తొమ్మిదో ఏట సిలారుని చదువు మానిపించారు. మసీదు పెద్ద ఖాన్ గారి తాతగారి వసారాలో ఒక ముల్లా పిల్లలకి అరబీ అక్షరాలు చెప్పేవాడు. పత్తి కోతలు మొదలవగానే సిలారు తండ్రి వచ్చి, పిల్లాణ్ణి పనిలో పెట్టాలండి అన్నాడు. ముల్లా ఆపలేదు సరికదా, పలక లాక్కుని పక్క పిల్లాడికిచ్చి, "దూదేకులవాడికి ఇంతవరకు వచ్చిందే ఎక్కువ" అన్నాడు. ఆ మాట అన్నవాడు చచ్చి ఎన్నేళ్ళో అయింది. మాట మాత్రం సిలారు లోపల, ఏకని దూదిలో గింజలా, అలాగే ఉండిపోయింది.

అతని ముప్పై మూడో ఏట, బందరు బీబమ్మ ఇంటి వాకిట్లో పాత పరుపు విప్పి ఏకుతూ, ఖురానులో తనకి వచ్చిన రెండు చిన్న అధ్యాయాలు, సూరాలు, పాడుకుంటున్నాడు. తడిక అవతలనుంచి, "తప్పు. ఆ మాట సాగదీయకూడదు. మళ్ళీ చదువు" అని వినపడింది. బీబమ్మ తండ్రి బందర్లో ఖురాను కంఠస్థం చేసిన హాఫిజు. కొడుకులతో పాటు కూతురికీ నేర్పాడు. పద్నాలుగో ఏట రేవుపాలేనికి కోడలిగా వచ్చింది. ఆమె తలలో ముప్పై భాగాల, అంటే ముప్పై పారాల, ఖురానూ ఉందని చచ్చిపోయిన మొగుడికి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఆడమనిషి ముందు నిలబడి నమాజు చదివించదు కదా, తెలుసుకుని ఎవరికేం పని?

ఆ రోజు మొదలు, వారానికి రెండు పూటలు ఆమె వాకిట్లో ఏదో ఒకటి ఏకడం, తడిక అవతలనుంచి ఆమె అయిదు వరసలు చెప్పడం, విల్లు మోగిస్తూ ఇతను పలకడం. మిగతా రోజుల్లో ఎవరి సావిట్లో పని ఉంటే అక్కడ ఆ అయిదు వరసలే. మూడో ఏట మానేద్దామనుకున్నాడు. ఆరో ఏట అమ్మవారు పోసి పెద్దకూతురు పోయినప్పుడు నాలుగు పారాలు మనసులోంచి తుడిచిపెట్టుకుపోయాయి. ఇక నావల్ల కాదమ్మా అని తడిక ముందు కూర్చుని ఏడ్చాడు. బీబమ్మ ఓదార్చలేదు. "పిల్ల మళ్ళీ రాదు. అవి వస్తాయి. వచ్చేవాటికోసమైనా లే" అంది. ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటమీదే ఏణ్ణర్థంలో నాలుగు పారాలూ తిరిగి తెచ్చుకున్నాడు. కొంతమందిని ప్రేమ నడిపిస్తుంది. సిలారుని ఎప్పుడూ ఒళ్ళుమంటే నడిపించింది.

ఆ శుక్రవారం నమాజయ్యాక ఖాన్ గారు బందరు నుంచి వచ్చిన ఉత్తరం చదివి వినిపించారు. ఏటా రంజాన్ నెలలో తరావీ నమాజు చదివించడానికి బందరు హాఫిజు గారు పడవలో వస్తారు. నెలంతా రాత్రి నమాజు తర్వాత పుస్తకం చూడకుండా రోజుకో పారా చదివి, ఖురాను మొత్తం పూర్తిచేసి, మళ్ళీ పడవెక్కి వెళ్తారు. కానీ రంజాన్ ఒక్కచోట ఉండదు. ఏడాదికి పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. జరిగి జరిగి ఈ ఏడు కాలవలు కట్టేసిన వైశాఖంలో వచ్చి పడింది. కాలవలో నీళ్ళు లేవు, నాలుగు రోజులు బండిలో ఈ ఎండకి రాలేను, ఈ ఏటికి క్షమించమని ఉత్తరం.

"చిన్న సూరాలతో కానిచ్చేద్దాం" అన్నారు ఖాన్ గారు. మసీదు పెత్తనం ఆ ఇంటిదే, తాతల నాటినుంచి. "ఏం చేస్తాం, ఖురాను వినే రాత ఈ ఏడు లేదు."

మసీదు గోడకి ఆనుకునే బీబమ్మ వసారా. నడుమ చిన్న కిటికీ. అందులోంచి ముసలి గొంతు పలికింది. "బందరు దాకా ఎందుకు బాబూ? ఊళ్ళో ఒకడున్నాడు."

"ఎవరు?"

"సిలారు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. ఖాన్ గారి మేనల్లుడు లతీఫ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "తరావీ చదవమంటే తలగడ కుట్టి చేతికిస్తాడేమో మామూ!"

సిలారు చెప్పులదగ్గర, ఆఖరి వరసలో ఉన్నాడు. అక్కడినుంచే, "వినండి. విని నవ్వండి" అన్నాడు.

ఖాన్ గారు అతని వంక ఎగాదిగా చూశారు. "సోమవారం పొద్దువాలే వేళ, అసర్ నమాజు అయ్యాక. మొదటి పారా. నేను పుస్తకం పట్టుకుంటాను. మూడు తప్పులు దాటితే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఏం?"

"ఆయ్. అలాగేనండి."

సోమవారం అసర్ కి మసీదు నిండిపోయింది. మామూలు రోజుల్లో అసర్ కి పదిమంది రారు. ఖాన్ గారు దిండుకి ఆనుకుని, ఖురానుని రేహాల్ అనే చెక్కపీటమీద తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. సిలారుని ఎదురుగా నిలబెట్టారు. తరావీలో ఎలా నిలబడాలో అలాగే, ఎడమచేతిమీద కుడిచెయ్యి వేసుకుని.

మొదటి పుట ఏటవాలులో జారిన బండిలా వెళ్ళిపోయింది. ఖాన్ గారి వేలు పుటమీద పరుగెత్తింది. లతీఫ్ మొహం వాడిపోయింది. రెండో పుట సగంలో సిలారుకి తన చేతులు తెలిశాయి. కుడిచెయ్యి ఖాళీగా ఉంది. ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. ఏదో మర్చిపోయి బయల్దేరినట్టు అనిపించింది. ఏంటది అని ఒక్క క్షణం వెనక్కి చూసుకున్నాడు. అంతే. ముందున్న మాట పోయింది. దాని వెనక వరస పోయింది. పదకొండేళ్ళు నడిచిన దారి ఒక్క అడుగులోనే తెగిపోయింది.

"తర్వాత?" అన్నారు ఖాన్ గారు.

మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడికే వచ్చి ఆగాడు. మూడోసారి ఇంకా ముందే ఆగాడు. చెమట గడ్డం చివరనుంచి చలవరాయిమీద పడింది. ఎవరో దగ్గారు.

"విల్లు తెప్పించమంటావా సిలారూ?" అన్నాడు లతీఫ్.

మసీదంతా నవ్వింది. ఖాన్ గారు మాత్రం నవ్వలేదు. ఖురాను మూసి, కళ్ళకద్దుకుని, గుడ్డలో చుట్టారు. నవ్వినా బాగుండేదనిపించింది సిలారుకి. "బందరుకి బండి పంపిస్తాను" అన్నారు, అతనితో కాదు, గాలితో అన్నట్టు. "వస్తే వస్తారు. రాకపోతే చిన్న సూరాలు."

ఇంటికొచ్చి దూది బస్తాకి ఆనుకుని కూలబడ్డాడు. భార్య పీరాంబి కంచం పెట్టింది. ముట్టలేదు.

"అయిపోయింది" అన్నాడు. "పదకొండేళ్ళు. ఆ ముల్లా చెప్పింది నిజమే. ఆ ఏళ్ళన్నీ అలా పనిచేసుంటే రెండు గదుల పెంకుటిల్లు లేచేది."

"పెంకుటిల్లు నేనడిగానా ఎప్పుడైనా?"

"నువ్వడగవు. నేనే అంటున్నాను."

"ఎక్కడాగిపోయారండీ?"

"రెండో పుట. నిద్రలో లేపి అడిగినా చెప్పే చోటు."

పీరాంబి విసనకర్ర ఆపింది. "నిద్రలో లేపితే మీరేం చెప్పరండీ. నేనెరుగుదును కదా. మన చిన్నది మొన్న కంచం ముందు, నాన్నా ఓ వరస చదువు అంటే, ఉండవే అని లేచి విల్లు దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. మీరెప్పుడైనా విల్లు లేకుండా చదివారా?"

సిలారు ఆలోచనలో పడ్డాడు. అయిదు పూటల నమాజులో అతను చదివేది చిన్నప్పటి చిన్న సూరాలే. మిగతాదంతా విల్లు దగ్గరే. నడుస్తూ చదివాడా? లేదు. పడుకుని? లేదు. లేచి చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగి మొదలుపెట్టాడు. రెండో పుటలో ఆగిపోయాడు. వెళ్ళి విల్లు అందుకుని నారిమీద కొట్టాడు. ఏకడానికి కింద దూది కూడా లేదు. పారా మొత్తం, ఒక్క అక్షరం జారకుండా, ధారగా వచ్చేసింది.

పీరాంబి మెచ్చుకోలేదు. నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నిలబడిపోయింది. పాడిగేదె దూడ కనపడందే పాలు చేపదు. అలాంటిదేదో తన మొగుడి తలలో జరిగిందని ఆమెకి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే తడిక ముందు నిలబడి ఆ సంగతి చెప్పాడు.

"తప్పు నాది" అంది బీబమ్మ. "నీకు పని చెడకూడదని విల్లు ఆపమనలేదు. పదకొండేళ్ళూ నీ నోరు విన్నాననుకున్నాను. నీ చెయ్యి విన్నాను."

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా? నెల పొడవడానికి పది రోజులు లేదు."

"నేను తిరగలి దగ్గర నేర్చాను. అత్తారింట్లో తిరగలి నాకివ్వలేదు, పెద్దకోడలిది. నెలన్నర ఒక్క వరస రాలేదు. బావి గట్టుమీద నిలబడి, రోజుకి పావు పుట చొప్పున, మళ్ళీ మొదటినుంచి నేర్చాను. కొత్తగా నేర్చుకోవడం కాదది. ఉన్నదాన్ని కట్టు విప్పి ఇంకో రాటకి కట్టడం."

"ఎవరు నిలబెడతారమ్మా నన్నక్కడ? ఖాన్ గారు బండి పంపేశారు."

"బండి సంగతి బండి చూసుకుంటుంది. నువ్వు పొద్దున విల్లు ముందు నోరు మూసుకో. ఒక్క మాట పలికినా ఒట్టు. సాయంత్రం చేతులు కట్టుకుని నిలబడు. ఎక్కడైనా సరే, చేతికి పని దొరకని చోట."

చేతికి పని దొరకని చోటు రేవుపాలెంలో ఒక్కటే. గౌతమి. ఎండాకాలం పాయ సన్నగా పారుతోంది. ఇసకలో అరమైలు నడిస్తే మోకాటి లోతు నీళ్ళు. అందులో దిగి, పడమటివైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి సాయంత్రం రెండో పుట దాటలేదు. కుడిచెయ్యి తనంతట తనే ఎగిరిపడుతోంది. రెండో సాయంత్రం పై పంచెతో చేతులు రెండూ నడుముకి కట్టేసుకున్నాడు. వల విప్పుకుంటున్న బెస్తవాళ్ళు అది చూసి, సాయిబుకి పిచ్చెక్కిందని పొలికేకలు పెట్టారు.

"సాయిబుగారోయ్! ఎవడు కట్టేశాడు నిన్ను? పెళ్ళామా?" అని అరిచాడు గంగయ్య అనే ముసలి బెస్త.

"నేనే కట్టుకున్నాను."

"మరి మొలపంచె వదులైతే ఏం పట్టుకుంటావు?"

సిలారుకి ఒళ్ళు మండింది. ఆ కోపంలో మూడో పుట దాటాడు.

పగటిపూట సావిట్లో విల్లు మోగేది, నోరు పెగిలేది కాదు. అది మరీ నరకం. ప్రతి దెబ్బకీ ఒక మాట పళ్ళవెనక వచ్చి నిలబడేది. దాన్ని మింగేవాడు. మూడోనాడు పెద్దింట్లమ్మ వచ్చి దూది ముద్దని చేత్తో నొక్కి చూసింది.

"ఏంటయ్యా, ఇవాళ దూది పొంగట్లేదు?"

"పొంగుతూనే ఉందండి."

"లేదు. నువ్వు పాడట్లేదు. ఏం, మీ దేవుడి మీదా అలక?"

"చెయ్యిమీదండి" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. పోతూ పోతూ, సావిట్లోకి ఎవరూ రాకండి అని ఇంట్లో పిల్లల్ని కసిరింది. ఆ మేలు ఎందుకు చేసిందో ఆమెకే తెలియాలి.

ఆరో సాయంత్రం కట్లు విప్పేసి పది పుటలు చదివాడు. ఎనిమిదో సాయంత్రం పారా మొత్తం చదివాడు, రెండు తప్పులతో. రెండూ ఒకే రకం తప్పులు. ఖురానులో ఇంచుమించు ఒకే మాటలతో నడిచే చోట్లు ఉంటాయి. ఒక దాంట్లో బయల్దేరితే తెలీకుండానే ఎన్నో పుటల అవతలున్న రెండోదాంట్లో తేలుతాడు మనిషి. విల్లు దగ్గర వాటిని చెయ్యే వేరుచేసేది. ఇప్పుడా కాపలా లేదు.

నెలవంక చూసే సాయంత్రానికి బందరు బండి తిరిగొచ్చింది, ఖాళీగా. ఏలూరు దాటకముందే హాఫిజు గారికి వడదెబ్బ తగిలిందట. అక్కడే చుట్టాలింట్లో పడుకోబెట్టారట.

పడమట కొబ్బరిమట్టల సందులో సన్నగా నెల పొడిచింది. పిల్లలు కేకలేశారు. ఖాన్ గారు మసీదు మెట్లమీద నిలబడి ఉన్నారు. సిలారు తడిసిన పంచెతో నదినుంచి నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"ఇవాళ నిలబడనివ్వండి."

"మొన్న విన్నాం కదా?"

"మొన్న నా చేతులు రాలేదండి. ఇవాళ వచ్చాయి."

లతీఫ్ ఏదో అనబోయాడు. ఖాన్ గారు చెయ్యెత్తి ఆపారు. ఆయనకీ చిన్న సూరాలు ఇష్టం లేదు. ఖురాను పూర్తికాని రంజాన్ తన పెత్తనంలో ఎన్నడూ లేదని అందరితోనూ చెప్పుకునే మనిషి. "నమాజులో నేను పుస్తకం పట్టుకోలేను. నీ తప్పు ఎవరు పడతారు?"

కిటికీలోంచి వచ్చింది జవాబు. "నేను పడతాను."

నమాజు చదివించేవాడు తప్పితే వెనకున్న మగవాడు నోటితో చెప్పొచ్చు. ఆడమనిషి నోరు విప్పకూడదు. కుడిచేత్తో ఎడమచేతి వెనకవైపు చరవాలి. ఒక్క చరుపు. అది విని ముందున్నవాడు వెనక్కి వెళ్ళి తన తప్పు తనే దిద్దుకోవాలి.

"అయితే చరుపులే లెక్క" అన్నారు ఖాన్ గారు. "మూడో చరుపు పడిందా, అక్కడితో నువ్వు వెనక్కి, నేను ముందుకి. నెలంతా చిన్న సూరాలే. దూదేకులవాణ్ణి నిలబెట్టి నవ్వులపాలు చేశానని నా వాకిట్లో ఎవరూ మళ్ళీ అనకూడదు. బీబమ్మా, పక్షపాతం వద్దు."

"ఖురాను మీద పక్షపాతం ఉంటుంది బాబూ. దానివైపే ఉంటాను."

తరావీ ఇరవై రకాతులు, అంటే నిలబడి, వంగి, సాగిలపడే ఇరవై ఆవృత్తులు. రెండేసి చొప్పున పదిసార్లు నిలబడాలి. ప్రమిదల వెలుగులో మూడు వరసల మగవాళ్ళు. ముందు ఒక్కడు. జీవితంలో మొదటిసారి సిలారు కళ్ళముందు ఎవరి వీపూ లేదు. గోడ ఉంది. పక్కగోడ కిటికీ అవతల ఆమె ఉంది.

ఎడమచేతిమీద కుడిచెయ్యి వేసి బిగించాడు. మొదటి రెండు రకాతులు. తర్వాత రెండు. రెండో పుట వచ్చింది, వెళ్ళిపోయింది. పాదాల కింద చలవరాయి చల్లగా తగిలింది. దాన్నే నీళ్ళనుకున్నాడు. ఆరు. ఎనిమిది.

ఒకే మాటలతో నడిచే మొదటి చోటు వచ్చింది. జాగ్రత్తపడ్డాడు. ఎక్కువ జాగ్రత్తపడ్డాడు. నాలుక రెండోదాంట్లోకి జారింది.

కిటికీలోంచి చరుపు. ఒకటి.

వెనక్కి వెళ్ళి, సరైన మాట పట్టుకుని, దాటాడు. పన్నెండు. పద్నాలుగు. గొంతు ఎండిపోతోంది. పదహారో రకాతులో ఒక మాట చివరి అక్షరాన్ని పలక్కుండా గాలిలా ఊది వదిలేశాడు, ముల్లా బళ్ళో పిల్లలు చేసే తప్పు. రెండో చరుపు.

ఆ రెండో చరుపు గోడని తగిలి గట్టిగా మోగింది. సరిగ్గా కొయ్యగుండు నారిమీద పడ్డట్టు మోగింది. సిలారు కుడిచెయ్యి ఉలిక్కిపడి లేచింది. వెనక మొదటి వరసలో ఉన్నవాళ్ళందరూ చూశారు. చెయ్యి గాలిలో జానెడు పైకి వెళ్ళి, నారికోసం వెతికి, దొరక్క, వణుకుతూ నిలబడింది. లాగి కిందికి నొక్కాడు. ఆ మాట దిద్దుకుని రుకూకి వంగాడు. పదిహేడు, పద్దెనిమిది ఎలా గడిచాయో తెలీదు. చెయ్యి మాత్రం కింద కొట్టుకుంటూనే ఉంది, పంజరంలో పెట్టిన పిట్టలా.

పందొమ్మిదో రకాతు. పారా ముగియడానికి ఇంకా పుటన్నర ఉంది. మొదలుపెట్టాడు. మూడో వరసలో మాట లేదు.

ఆగాడు.

మసీదంతా ఆగింది. ప్రమిదలో ఒత్తి చిటపటమంది. ఖాన్ గారి ఊపిరి అతని భుజం వెనకే వినపడుతోంది. ఆయన కాలు ముందుకి కదలడానికి సిద్ధంగా ఉందని సిలారుకి చూడకుండానే తెలిసింది. పలక లాక్కున్న చెయ్యి, చెప్పులదగ్గర ఆఖరి వరస, విల్లు తెప్పించమంటావా అన్న నవ్వు, అన్నీ వచ్చి మెడమీద కూర్చున్నాయి. వీళ్ళందరికీ చూపించాలి అనుకున్నాడు. పదకొండేళ్ళూ అతన్ని నడిపించింది ఆ మంటే. ఇప్పుడు దాన్ని ఎంత ఊదినా రాజుకోలేదు. మంట ఉంది. మాట లేదు.

గోడ అవతల ముసలమ్మ చెయ్యెత్తి ఉంటుంది. ఎత్తే ఉంటుంది. ఆమె సంగతి అతనికి తెలుసు.

చూపించాలన్న సంగతి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడంటే, ఇంక పట్టుకునే ఓపిక లేక. అప్పుడు పాదాల కింద రాయి మళ్ళీ చల్లగా తగిలింది. మోకాళ్ళ చుట్టూ నీళ్ళు తిరిగాయి. ఎనిమిదో సాయంత్రం ఇదే వరస దగ్గర గంగయ్య వల విసిరాడు. నీళ్ళమీద గుండ్రంగా పడింది. దాని వెనకే ఈ మాట వచ్చింది. విల్లు దగ్గర నేర్చిన మాట కాదది. నీళ్ళలో నిలబడి, చేతులు కట్టుకుని, తన నోటితో తను దొరకబుచ్చుకున్న మాట.

ఒక వరస వెనక్కి వెళ్ళాడు. అందుకున్నాడు. మాట వచ్చింది. దాని వెనకది వచ్చింది. చెయ్యి కింద కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అనుకున్నాడు. పుటన్నరా పూర్తయింది. మూడో చరుపు పడలేదు.

సలాం తిప్పి నమాజు ముగించాడు. ఖాన్ గారు రెండు వేళ్ళు చూపించారు.

"రెండు" అన్నారు. అంతే. పొగిడే అలవాటు ఆ ఇంట్లో లేదు. లేచి వెళ్తూ వెళ్తూ, "గొంతు పోయేలా ఉంది. పటికబెల్లం పంపిస్తాను" అన్నారు.

ఆ పటికబెల్లం మర్నాడు రాలేదు. ఆ నెలంతా రాలేదు.

జనం వెళ్ళాక సిలారు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఆఖర్న చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"ఇంకో రెండు క్షణాలైతే?"

"కొట్టేదాన్ని."

"నా పదకొండేళ్ళు చూడకుండానా?"

"నావి కావేంట్రా ఆ పదకొండేళ్ళు?" అంది బీబమ్మ. "ఆ చివర ఊదిన మాట ముల్లాగారి బళ్ళో నేర్చిన పాపం. రేపటికి దాన్ని వదిలించుకో. రెండో పారాలో అలాంటివి నాలుగున్నాయి."

ఇంకా ఇరవై తొమ్మిది పారాలు. పెద్దింట్లమ్మగారివి రెండు పరుపులు, పన్నెండు దిండ్లు. మొదటి పారాకి ఎనిమిది సాయంత్రాలు పట్టింది. రెండోదానికి ఉన్నది ఒక్క పగలు. ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఎటు చూసినా సరిపోలేదు.

తెల్లవారుజామున సహరీకి పీరాంబి పెట్టిన గంజి తాగి, ఉపవాసం పట్టి, తొలి నమాజు ఫజర్ చదివి, ఇసకలో నడిచాడు. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. మోకాళ్ళ దాకా దిగాడు. కుడిచెయ్యి ఒకసారి ఎగిరిపడింది. దాన్ని ఎడమచేతిమీద పెట్టి నొక్కిపట్టి, రెండో పారా మొదటి మాటకి నోరు తెరిచాడు.